రూపాయి మన అంశం కాదా? – విద్యార్థి అంబేద్కర్ పరిశోధనలు, మన సిద్ధాంత వ్యాసాలు

తెలుగునాట విశ్వవిద్యాలయాల్లో దళిత విద్యార్థి పరిశోధనకు వస్తే అతను అంశం కోసం వెతుక్కునే పని ఉండదు. అంశమే అతని కోసం ముందుగా ఎదురుచూస్తుంటుంది. తెలుగు శాఖ అయితే ఫలానా కవి కవిత్వంలో దళిత చైతన్యం, ఫలానా నవలలో దళిత జీవన చిత్రణ, లేదా ఫలానా జిల్లా మాదిగల పాటలు. చరిత్ర శాఖ అయితే భాగ్యరెడ్డివర్మ, ఆది హిందూ ఉద్యమం, అది కాకుంటే మిషనరీల విద్యాసేవ. అర్థశాస్త్రంలో ఎస్సీ కార్పొరేషన్ రుణం తీసుకున్న నూరు కుటుంబాల సర్వే. వాణిజ్యశాస్త్రంలో, అంతర్జాతీయ వ్యవహారాల్లో మనవాళ్ళు కనిపించేదే తక్కువ. కనిపిస్తే అక్కడా ఒక సర్వే చేతికిచ్చి కూచోబెడతారు. అధ్యాయాల వరస కూడా ఖాయమే: వర్ణవ్యవస్థ పుట్టుక, దళితోద్యమ చరిత్ర, రచయిత జీవితం, వస్తువు, భాష, చివర రెండు పేజీల ముగింపు.

ఈ సిద్ధాంత వ్యాసాలను నేను తక్కువ చేయడం లేదు. 1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత రోడ్ల మీద కొట్లాడి తెచ్చుకున్న చోటు అది. కుసుమ ధర్మన్నను పక్కన పెట్టేసిన సాహిత్య చరిత్రల మధ్య, జాషువాను పద్యం నడక దగ్గరే ఆపేసిన విమర్శ మధ్య, వాళ్ళ మీద పిహెచ్.డి. చేయడమే ఒక ధిక్కారంగా ఉండింది. కానీ కొట్లాడి తెచ్చుకున్న చోటు మెల్లగా బందెలదొడ్డి అయింది. లోపలికి తోలేవాళ్ళు వేరు, లోపల ఉండి ఇదే మన పొలం అనుకునేవాళ్ళం మనం.

మా బతుకు గురించి మేం రాయాలి, మిగతా లోకం గురించి మిగతావాళ్ళు రాస్తారు అనే ఈ పంపకం ఎవరు చేశారు? దీన్ని పరీక్షించడానికి ఒక దళిత విద్యార్థి పరిశోధనను ముందు పెట్టుకుంటాను. ఆ విద్యార్థి అంబేద్కర్. రాజ్యాంగం నాటి అంబేద్కర్ కాదు, మహద్ చెరువు నాటి అంబేద్కర్ కూడా కాదు. 1913 జూలైలో, 22 ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో దిగిన విద్యార్థి.

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్ళ గడువు. ఆ మూడేళ్ళలో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన తీసుకున్న కోర్సుల లెక్క చూడండి. అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిలో 3, ఫ్రెంచి, జర్మన్ ప్రాథమిక పాఠాలు ఒక్కొక్కటి. మొత్తం 60. ఆయన ఆకలి కథలు, పాత పుస్తకాల కొట్ల కథలు జీవితచరిత్రల నిండా ఉన్నాయి, మన పాటల్లోనూ ఉన్నాయి. ఈ 60 కోర్సుల కథ మాత్రం ఎవరూ పాడలేదు. కులం గురించి చదవడానికి పోయినవాడు అర్థశాస్త్రంలో 29 కోర్సులు ఎందుకు చదివాడు? ఈ ప్రశ్న మన దగ్గర వినపడదు.

ఆ కాలపు రాతలు వరసగా పెట్టుకుంటే ఇట్లా ఉంటాయి. 1915లో ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద ఎం.ఏ. వ్యాసం. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర సెమినార్‌లో చదివిన ‘కాస్ట్స్ ఇన్ ఇండియా’. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామం మీద పిహెచ్.డి. గ్రంథం, అది 1925లో అచ్చయింది. 1918లో చిన్న కమతాల మీద వ్యాసం, అదే ఏడు బెర్ట్రాండ్ రస్సెల్ పుస్తకం మీద సమీక్ష. లండన్‌లో 1921 ఎమ్మెస్సీ, 1923లో డి.ఎస్సీ. గ్రంథం ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ’. చరిత్ర, సమాజశాస్త్రం, ద్రవ్యం, వ్యవసాయం, యుద్ధకాలపు యూరప్ ఆలోచన, అన్నీ పదేళ్ళలో. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి అచ్చేసిన సంపుటాల్లో కులం వ్యాసం మొదటి సంపుటంలో ఉంది, కంపెనీ, రాష్ట్రాల నిధులు, రూపాయి ఆరో సంపుటంలో ఉన్నాయి. మనం మొదటి సంపుటం చదివాం. ఆరోది బీరువాలో పెట్టాం. ‘కుల నిర్మూలన’ ఊరూరా తెలుగులో దొరుకుతుంది. రూపాయి పుస్తకాన్ని చర్చకు పెట్టిన దళిత సాహిత్య సదస్సు నేనింతవరకు చూడలేదు.

అసలు ఈ రెండు సంపుటాలూ ఒకే మనిషి, ఒకే ప్రశ్న. దీన్ని నిరూపించడానికి కొంచెం లోపలికి పోవాలి.

కంపెనీ మీద రాసిన ఎం.ఏ. వ్యాసం విద్యార్థి వ్యాసమే. చిన్నది, ఎక్కువ భాగం వర్ణన. కంపెనీ డైరెక్టర్ల సభ ఎట్లా నడిచేది, భూమిశిస్తు ఎన్ని పద్ధతుల్లో వసూలయ్యేది, ఉప్పు మీద, నల్లమందు మీద ఎంత లాగారు, ప్రజాపనుల మీద ఎంత ఖర్చు పెట్టారు అన్న పట్టికలు. కులం ప్రస్తావన దాదాపు ఉండదు. కానీ పట్టికల చివర ఆ కుర్రవాడు ఒక తీర్పు చెబుతాడు. ఈ పాలనకు భారతదేశం చెల్లించింది అపారం, బదులుగా అందుకున్నది శూన్యం అని తేలుస్తాడు. 1997లో అరుణ్ శౌరి ఒక లావు పుస్తకం రాసి అంబేద్కర్‌ను బ్రిటిష్ వాళ్ళ పక్షం మనిషిగా నిలబెట్టజూశాడు. మనం దానికి ఆవేశంగా జవాబులు చెప్పాం. ఆరో సంపుటం తెరిచి 1915 నాటి ఈ పేజీలు ముందు పెట్టినవాళ్ళు ఎంతమంది? జవాబు మన బీరువాలోనే ఉండింది గదా!

ఇక కులం వ్యాసం. దీన్ని మన సాహిత్య శాఖల్లో అందరూ ఉటంకిస్తారు, ఎక్కువమంది మొదటి రెండు పేజీల నుంచి. అసలు బలం మధ్యలో ఉంది. కులం అంటే మూసుకున్న వర్గం, దాన్ని మూసి ఉంచేది అంతర్వివాహం అని ఆయన అంటాడు. అక్కడితో ఆగితే అది నిర్వచనమే. ఆయన ఆగడు, లెక్క మొదలుపెడతాడు. ఒక గుంపు తనలో తానే పెళ్ళిళ్ళు చేసుకోవాలంటే ఈడైన ఆడవాళ్ళ సంఖ్య, మగవాళ్ళ సంఖ్య సరిపోవాలి. మొగుడు చస్తే ఒక ఆడమనిషి మిగిలిపోతుంది, పెళ్ళాం చస్తే ఒక మగవాడు మిగిలిపోతాడు. ఈ మిగులును ఏం చేయాలి? ఆడదాన్ని చితి మీదకు ఎక్కించడం ఒక దారి, బతికినన్నాళ్ళు వితంతువుగా కట్టేయడం ఇంకో దారి. మగవాణ్ణి కాల్చలేరు, అతను గుంపుకు అవసరం. కాబట్టి ఇంకా ఈడు రాని పిల్లను తెచ్చి కడతారు. సతి, వైధవ్యం, బాల్యవివాహం అనే మూడు ఆచారాలకు పురాణాలు చెప్పే మహిమలన్నీ ఆయన పక్కకు నెట్టి, ఇది మిగులును సర్దే పద్ధతి అంటాడు.

ఈ ‘మిగులు’ అనే మాట ఎక్కడిది? అది అర్థశాస్త్రం క్లాసు నుంచి వచ్చిన మాట. సరుకు మిగిలితే ధర ఏమవుతుంది, శ్రమ మిగిలితే కూలి ఏమవుతుంది అని చదువుకుంటున్న విద్యార్థి మాట. అప్పటికే శ్రీధర్ కేత్కర్ అనే మరాఠీ బ్రాహ్మణ పండితుడు అమెరికాలోనే, కార్నెల్‌లో చదువుతూ 1909లో కుల చరిత్ర మీద పుస్తకం వేశాడు. అంబేద్కర్ ఆయన్ని గౌరవంగానే ప్రస్తావిస్తాడు, కొంత ఒప్పుకుంటాడు కూడా. కానీ ఆడమనిషి శరీరం మీద కులం నడిపే ఈ లెక్కను పైకి తీసింది అంబేద్కరే. కులం బాధ అనుభవించాడు కాబట్టి కనిపెట్టాడు అని మనం తేలిగ్గా అనేస్తాం. అనుభవం ఒక్కటే చాలితే మన ఊళ్ళలో ప్రతి తాతా అది రాసి ఉండేవాడు. అనుభవానికి లెక్క తోడైంది. ఇది మనం మింగడానికి ఇష్టపడని సంగతి.

రెండేళ్ళకు, 1918లో రాసిన చిన్న కమతాల వ్యాసంలో ఇదే మాట మళ్ళీ వస్తుంది, ఈసారి పొలంలో. అప్పటి పండితులంతా కమతాలు చిన్నవైపోయాయి, వాటిని కలిపేస్తే వ్యవసాయం బాగుపడుతుంది అంటున్నారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదు, దాని మీద పెట్టే పెట్టుబడితో, శ్రమతో తేలుతుంది అని ఈయన అడ్డుపడతాడు. భూమి మీద పనిలేని శ్రమ మిగిలిపోయి ఉంది, దానికి పరిశ్రమల్లో చోటు చూపకుండా గట్లు చెరిపితే ప్రయోజనం లేదంటాడు. 1916లో కులం సర్దలేక మిగిల్చిన మనిషి, 1918లో భూమి సర్దలేక మిగిల్చిన మనిషి. ఏ వ్యవస్థను చూసినా అది ఎవర్ని మిగిలిస్తున్నది, ఆ మిగిలినవాళ్ళ మీద ఏం మోపుతున్నది అని చూసే కన్ను ఇది. ఇట్లా శాఖలు దాటి చదివితేనే ఆ కన్ను కనబడుతుంది. తెలుగు శాఖవాడు మొదటి వ్యాసం, ఎకనామిక్స్‌వాడు రెండో వ్యాసం పంచుకొని పోతే ఎవరికీ కనబడదు.

రూపాయి పుస్తకం చదవడం కష్టమే. వెండి, బంగారం, మారకపు రేట్ల పట్టికలతో నిండి ఉంటుంది. కథ మాత్రం మన ఇంటి కథ. 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో జర్మనీ వంటి దేశాలు వెండిని వదిలి బంగారానికి మారేసరికి వెండి ధర పడిపోయింది. మన రూపాయి వెండిది. లండన్‌కు కట్టాల్సిన కప్పమంతా బంగారంలో. 1893లో ప్రభుత్వం టంకశాలలను ప్రజల వెండికి మూసేసింది, తర్వాత రూపాయిని ఒక షిల్లింగు నాలుగు పెన్నీల రేటుకు కట్టింది. ఈ ఏర్పాటునే కీన్స్ 1913లో తన పుస్తకంలో మెచ్చుకున్నాడు. అంబేద్కర్ దాన్ని కాదన్నాడు. మారకపు రేటు స్థిరంగా ఉంటే చాలదు, దేశంలోపల రూపాయికి ఎంత సరుకు వస్తుందో అది స్థిరంగా ఉండాలి. ఈ పద్ధతిలో ప్రభుత్వం తన ఇష్టం వచ్చినన్ని రూపాయలు కొట్టి ధరలు పెంచగలదు అని ఆయన వాదన. బెర్లిన్‌లో వెండి వదిలేస్తే బొంబాయి మిల్లు కూలీ జొన్నల ధర దగ్గర ఏమవుతుందో చెప్పే పుస్తకం అది. ప్రపంచ వ్యవహారాలంటే ఇంకేమిటి?

రూపాయి విలువ తగ్గితే దేశానికి లాభం అని అప్పటి జాతీయవాద వ్యాపారులు గట్టిగా అంటున్నారు. ఎగుమతులు పెరుగుతాయని వాళ్ళ లెక్క. అంబేద్కర్ అక్కడ ఆపి ఒక ప్రశ్న వేస్తాడు: ఆ లాభం ఎవరి నుంచి ఎవరికి పోతున్నది? ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు. కాబట్టి వ్యాపారి లాభం దేశం లాభం కాదు, కూలివాడి నష్టమే అటు పోయింది అంటాడు. ఇది 1923 మాట. దేశం అనే పెద్ద మాట వెనక వర్గం దాక్కోవడం ఆయన మారకపు రేట్లలో పట్టుకున్నాడు. హిందూ సమాజం అనే పెద్ద మాట వెనక కులం దాక్కోవడం పట్టుకున్న చూపు, ఈ చూపు ఒకటే. రెంటికి మధ్య గోడ కట్టింది మనం.

ఇక్కడ మనవాళ్ళ మాట ఒకటి చెప్పాలి. రిజర్వు బ్యాంకు అంబేద్కర్ పుస్తకం చూసే పెట్టారని ప్రతి ఏప్రిల్ 14న మైకుల్లో వింటాం. ఆయన 1925-26 నాటి హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం ఇచ్చాడు, అది నిజం. 1934 చట్టంతో 1935లో బ్యాంకు వచ్చింది, అదీ నిజం. కానీ పుస్తకం వాదన ఏందంటే, నాణెం ఎంత వదలాలో ఇష్టప్రకారం నిర్ణయించే అధికారం పాలకుల చేతిలో పెట్టకూడదని. చదవకుండా పొగిడితే ఆయన ఒద్దన్నదాన్ని కూడా ఆయన ఖాతాలో రాస్తాం. ఆయన చెప్పిన బంగారు పరిష్కారం నిలబడలేదు కూడా. 1931లో ఇంగ్లండే బంగారాన్ని వదిలేసింది. విగ్రహానికి ఇది చెప్పలేం, పుస్తకానికి చెప్పొచ్చు. ఒక పరిశోధకుడికి ఇవ్వగల గౌరవం అతనితో వాదించడమే అని ఆయన గురువులకు తెలుసు. లండన్‌లో ఎడ్విన్ కానన్ ఆ పుస్తకానికి ముందుమాట రాస్తూ, ఇందులో చాలా వాదనలు తాను ఒప్పుకోనని అచ్చులోనే చెప్పాడు, చెబుతూనే ఆ రాతలోని కొత్తదనాన్ని మెచ్చుకున్నాడు. 1922లో ఇచ్చిన గ్రంథాన్ని మళ్ళీ రాసి తెమ్మన్నారు, రాసి తెచ్చాడు, 1923లో పట్టా ఇచ్చారు. న్యూయార్క్‌లో సెలిగ్మన్ రాష్ట్రాల నిధుల పుస్తకానికి ముందుమాట రాస్తూ, దీని మూల సూత్రాల మీద ఇంత వివరమైన అధ్యయనం తనకు తెలిసి ఇంకెక్కడా లేదన్నాడు. నువ్వు మహర్‌వి కదా, మహర్ల మీద రాయి అని వాళ్ళు అన్నట్టు ఎక్కడా లేదు. ఇదేం తెల్లవాళ్ళ గొప్పతనం అని నేను అనడం లేదు. ఆయన అక్కడ ఏం అడిగినా విద్యార్థి అడిగినట్టే విన్నారు, అంతవరకే. అదే మనిషి 1917లో బరోడా కొలువులోకి వస్తే బంట్రోతులు ఫైళ్ళు దూరం నుంచి విసిరారు, ఉండడానికి గది దొరకలేదు.

నా సంగతి కూడా ఒక ముక్క. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదలు. ఎం.ఫిల్.కు మా ఊరి చెరువు కింద శిస్తు లెక్కల మీద చేస్తానని అడిగితే, ఒక పెద్దాయన చాలా ప్రేమగా, “అదంతా లెక్కల గొడవయ్యా, నీకెందుకు? మీ అమ్మమ్మ పాటలు ఉండనే ఉన్నాయి, అవి రాసుకో, రెండేళ్ళలో అయిపోతుంది” అన్నాడు. చెడ్డగా అనలేదు. నిజంగా నా మంచి కోరే అన్నాడు. మా అమ్మమ్మ ఆ చెరువు మట్టి మోసిన మనిషి. ఆమె పాట చాలు, ఆమె మోసిన తట్టల లెక్క అక్కర్లేదు అన్నదే ఆ ప్రేమలో ఉన్న అసలు సంగతి.

గోపాల్ గురు 2002లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం ఈ పంపకానికి పేరు పెట్టింది. మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చేసే బ్రాహ్మణులు, సమాచారం మోసే శూద్రులు ఉన్నారని ఆయన అన్నాడు. తెలుగునాట దీనికి ఒక మాట కలపాలి. సమాచారం మోయడంలో కూడా మనకు అప్పగించింది మన వాడ సమాచారమే. ఊరి సమాచారం కూడా కాదు. మనం షావుకారు దుకాణం లెక్కల మీద, కమ్మ రెడ్డి పెట్టుబడి సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి పోయిన దారుల మీద, అమెరికాకు పోయిన తెలుగువాళ్ళలో ఏ కులం ఎంత అన్నదాని మీద పరిశోధన అడిగితే అప్పుడు మొదలవుతుంది అసలు ఇబ్బంది. దళితుడు తన గాయాన్ని చూపిస్తే సదస్సులో చప్పట్లు పడతాయి. ఎదుటివాడి ఖాతా పుస్తకం అడిగితే గది నిశ్శబ్దమవుతుంది.

మరి సాహిత్యం వదిలేయాలా? అట్లా చదివేవాళ్ళు నా మాట తప్పుగా చదువుతున్నట్టు. సాహిత్యాన్ని లెక్కతో కలిపి చదవాలంటున్నాను. ఒక ఉదాహరణ ఇస్తాను. 1941లో వచ్చిన జాషువా ‘గబ్బిలం’ నాయకుడు తంజావూరు ప్రాంతపు అరుంధతీయుడు, చెప్పులు కుట్టి బతికేవాడు. ఈ కావ్యం మీద మన శాఖల్లో వచ్చిన రాతలన్నీ కరుణ, ధిక్కారం, కాళిదాసు మేఘంతో పోలిక చుట్టూ తిరుగుతాయి. ఆ నాయకుడి చేతిలో తోలు ఏమైంది అని అడిగిన సిద్ధాంత వ్యాసం నా కంట పడలేదు. ఆ కాలంలో మద్రాసు రాష్ట్రం నుంచి పదును చేసిన తోళ్ళు లండన్ బజారుకు ఓడలకెత్తేవాళ్ళు. వాటిని పదును చేసేది తంగేడు చెక్కతో. మా తాతలు లందల్లో నానబెట్టిన అదే తంగేడు. ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం అని, బతుకమ్మ పువ్వు అని పేరున్న తంగేడు. 20వ శతాబ్దం మొదట్లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతి తెచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం బూట్ల కోసం ప్రభుత్వమే ఈ తోళ్ళు కొనింది. వ్యాపారం పట్నాల టానరీలకు, ఎగుమతిదారులకు పోయింది, మాదిగవాడలో వాసన మిగిలింది, కులం మిగిలింది. చచ్చిన గొడ్డు మీద హక్కు కూడా ఊరి ఆచారం నుంచి బజారు సరుకులోకి జారిపోయింది. ఈ లెక్కంతా తెలిసినవాడు ‘గబ్బిలం’ చదివితే ఆ నాయకుడి ఆకలి కరుణరసంగా మాత్రమే కనబడదు. లండన్ తోళ్ళ బజారుకూ తంజావూరు పాకకూ మధ్య ఉన్న దారి కనబడుతుంది. నాగప్పగారి సుందర్రాజు ‘మాదిగోడు’ కథలనూ ఇట్లాగే చదవొచ్చు. ఇది సాహిత్యమా, చరిత్రా, వాణిజ్యమా, ప్రపంచ వ్యవహారమా? ఏ శాఖ తలుపు తట్టాలో తెలియకపోవడమే మంచి అంశానికి గుర్తు అని నేను అనుకుంటాను.

ఉద్యమం ఈ పాఠాన్ని విశ్వవిద్యాలయం కన్నా ముందే నేర్చుకుంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. దాని వెనక బడ్జెట్ పుస్తకాలు తెచ్చుకొని, పద్దు పద్దు చదివి, మన పేరు మీద రాసిన సొమ్ము ఎటు మళ్ళిందో వేలుపెట్టి చూపిన కార్యకర్తలున్నారు. వాళ్ళలో చాలామందికి పిహెచ్.డి. లేదు. 2017లో తెలంగాణలో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో వేరే చట్టం వచ్చింది. ఈ రెండు చట్టాల తేడాను కూర్చుని లెక్కగట్టాల్సింది ఎవరు? 1871 నుంచి 1921 దాకా కేంద్రం రాష్ట్రాలకు సొమ్ము ఎట్లా పంచింది, ఏ దశలో ఏ కిటుకు చేసింది అని ఒక దళిత విద్యార్థి నూరేళ్ళ కింద పిహెచ్.డి. చేశాడు. ఆ పుస్తకం ఉపప్రణాళిక చర్చలో ఒక్కసారైనా బల్ల మీదకు రావాల్సింది.

రస్సెల్ సమీక్ష గురించి ఒక్క ముక్క. రస్సెల్ యుద్ధం మధ్యలో రాసిన పుస్తకం అది. అంబేద్కర్ దాన్ని మెచ్చుకుంటూనే, డబ్బు మీద ప్రేమ చెడ్డదనే నీతిబోధను ఒప్పుకోడు. లేనివాడి నుంచి మాట్లాడితే ఆ నీతి ఎంత డొల్లదో ఆయనకు తెలుసు. మన సాహిత్యంలో డబ్బును అసహ్యించుకోవడం ఒక పవిత్రతగా చెలామణి అయింది, వామపక్ష విమర్శ నుంచి అది మనకూ అంటింది. డబ్బు గురించి మాట్లాడితే ఉద్యమం మలినమవుతుందన్నట్టు ఉంటాం.

2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాడు. అతను కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నవాడు. నక్షత్రాల గురించి రాయాలనుకున్న దళిత విద్యార్థి. చనిపోయేనాటికి అతనికి రావాల్సిన ఫెలోషిప్ నెలల తరబడి ఆగి ఉంది. అతని గురించి మనం వందల కవితలు రాశాం, రాయాల్సిందే. అతను రాయాలనుకున్న అంశాల జాబితా మన చేతిలోకి ఇంకా రాలేదు.

అంబేద్కర్ స్కాలర్‌షిప్ గడువు కూడా 1917లో తీరిపోయింది, లండన్ చదువు మధ్యలో ఆగిపోయింది. వేరే ఓడలో పంపిన ఆయన పుస్తకాల పెట్టెలు టార్పెడో దెబ్బకు సముద్రంలో పోయాయి. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కొంత కూడబెట్టి, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయంతో, స్నేహితుడు నవల్ భథేనా దగ్గర అప్పుతో 1920లో మళ్ళీ ఓడ ఎక్కితేనే రూపాయి పుస్తకం వచ్చింది. మన దగ్గర షెడ్యూల్డు కులాల పరిశోధకులకు ప్రత్యేక జాతీయ ఫెలోషిప్ 2005-06లో గాని మొదలు కాలేదు. అది నెలనెలా వస్తే ఒక రకం పరిశోధన సాధ్యమవుతుంది, ఎనిమిది నెలలకోసారి వస్తే ఇంకో రకమే సాధ్యమవుతుంది. అమ్మమ్మ పాటలకు బస్సు చార్జీ చాలు. తంగేడు చెక్క, తోళ్ళు, శిస్తుల కాగితాలు చూడాలంటే చెన్నై ఎగ్మూరులో ఉన్న పాత మద్రాసు రాష్ట్ర దస్తావేజుల కార్యాలయానికి పోయి నెలల తరబడి కూర్చోవాలి. అక్కడ గది అద్దె, రెండు పూటల తిండి, నకళ్ళ రుసుము కావాలి. ఈ ఖర్చును పరిశోధన ప్రతిపాదనలోనే మొదటి పేజీలో రాసి, సంతకం పెట్టమని శాఖాధిపతి బల్ల మీద పెట్టడం ఈ ఏడు మనలో ఎంతమంది చేస్తారు?